యుద్ధం ఆగాక మోగిన మార్చ్

చైకోవ్‌స్కీ 1876లో రాసిన ‘స్లావ్ మార్చ్’ విషయంలో మా ఇంట్లో రెండు పార్టీలు. మా నాన్నగారు కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. మా మేనమామ పోలీసు బ్యాండులో క్లారినెట్‌తో చేరి బ్యాండ్ మాస్టరుగా దిగారు. నాన్నకి శ్రుతి తెలీదు, మామయ్యకి తేదీలు నిలవవు. వాదన మాత్రం ఇద్దరికీ పుష్కలంగా వచ్చు. కింది మాటలన్నీ ఒక్క పూట అనుకున్నవి కావు. అమ్మ విసుక్కున్న చోట్లూ, ఇద్దరూ ఒకేసారి అరిచిన చోట్లూ తీసేసి వరసగా పెట్టాను.

మామయ్య: మీరు ప్రచారం అంటారు బావా, నేను డ్యూటీ అంటాను. ఆయన మాస్కో కన్సర్వేటరీలో పాఠాలు చెప్పుకునే మాస్టారు. డైరెక్టరు నికొలాయ్ రూబిన్‌స్టైన్ పిలిచి, గాయపడ్డ సెర్బుల సహాయార్థం కచేరీ పెడుతున్నాం, కొత్త ముక్క ఒకటి కావాలన్నాడు. ఈయన ఐదు రోజుల్లో రాసిచ్చాడు. పై అధికారి అడిగితే రాసిచ్చినవాడి మీద కేసు పెడతారా?

నాన్న: కేసు కాదోయ్. ఆ ఐదు రోజుల చుట్టూ రష్యాలో ఏం జరుగుతోందని అడుగుతున్నా. నీకు నోట్లు కనిపిస్తాయి, నాకు పేపర్లు కనిపిస్తాయి.

మామయ్య: సరే, మీ పేపర్లే ముందు కానివ్వండి.

నాన్న: 1875లో హెర్జెగోవినాలో రైతులు టర్కీ ప్రభుత్వం మీద తిరగబడ్డారు. మరుసటి ఏడు వసంతంలో బల్గేరియా లేచింది. దాన్ని అణచడానికి వదిలిన బాషీ బజూకులు, అంటే జీతం బత్తెం సరిగా లేని దోపిడీ దళాలు, ఊళ్లకి ఊళ్లు నరికేశాయి. బతాక్ అనే ఊరు చూసొచ్చి మెకగాన్ అనే అమెరికన్ విలేకరి లండన్ ‘డైలీ న్యూస్’కి రాసిన కథనాలు యూరప్ అంతా చదివింది. గ్లాడ్‌స్టన్ సెప్టెంబరులో కరపత్రం వేశాడు. వీటికంటే ముందే, జూన్ 30న, సెర్బియా టర్కీ మీద యుద్ధం ప్రకటించేసింది. ఇక రష్యా సంగతి చూడు. తాష్కెంటు పట్టుకున్న జనరల్ చెర్న్యాయెవ్, సొంత ప్రభుత్వానికి ఇష్టం లేకపోయినా బెల్‌గ్రేడ్ వెళ్లి సెర్బియా సైన్యానికి నాయకుడై కూర్చున్నాడు. వెనకాలే వేలమంది వాలంటీర్లు. స్లావిక్ కమిటీలని ఉండేవి. ఒక చేత్తో చందా పుచ్చుకునేవి, రెండో చేత్తో కుర్రాళ్లని రైలెక్కించేవి. దోస్తొయెవ్‌స్కీ అంతటివాడు తన సొంత పత్రికలో దీన్ని పవిత్ర కార్యమని రాశాడు. ఇదంతా జరుగుతుండగా మీవాడికి ఆర్డరు వచ్చింది.

మామయ్య: అంత ఘోరం జరిగితే రాయొద్దా మరి? మన నాజర్ గారు బెంగాల్ కరువు మీద బుర్రకథ కట్టలేదూ? ప్రజానాట్యమండలి ఊరూరా తిరిగి చందాలు పోగు చెయ్యలేదూ? అదీ పేపర్లో వార్తేగా. అప్పుడు మీరే కళంటే అదీ అన్నారు.

నాన్న: ఇప్పుడూ అంటాను. కరువు కథ విన్నవాడు బియ్యం ఇస్తాడు, ఇంటికెళ్లి పడుకుంటాడు. మార్చ్ విన్నవాడు ఏం ఇవ్వాలి? వాడి కొడుకుని ఇవ్వాలి.

మామయ్య: అసలు అందులో ఏముందో వినకుండా కొడుకుల దాకా వెళ్లిపోయారు. మొదటి పేజీ మీద ఏం రాసుందో తెలుసా? మార్చే, కానీ శవయాత్ర నడకలో అని ఇటాలియన్లో స్పష్టంగా రాశాడు. మా బ్యాండులో మామూలు క్విక్ మార్చ్ నిమిషానికి 120 అడుగులు. దీనికి అలా నడవండి చూద్దాం, కాళ్లు తడబడతాయి. ‘శోక్ శస్త్ర’ అని కమాండు పడ్డప్పుడు, తుపాకులు తలకిందులైనప్పుడు, మేం వాయించే నడక ఇది. అడుగున లావు తీగలు ఒకే దెబ్బ మళ్లీ మళ్లీ వేస్తుంటాయి. దాని మీద బస్సూన్లు, కింది శ్రుతి తీగలు కలిసి పాట ఎత్తుకుంటాయి. ‘సుంత్సే యార్కో’ అని సెర్బు పాట. సూర్యుడు అందరి మీదా ఒక్కలాగా వెలగడం లేదని మొరపెట్టుకునే పాట. జనాన్ని యుద్ధానికి ఉసిగొల్పేవాడు ఇలా మొదలుపెడతాడా?

నాన్న: ఉసిగొల్పడం తెలిసినవాడు ఇలాగే మొదలుపెడతాడు. ముందు ఏడిపించాలి. సరే, ఆ పాట ఈయనకెక్కడిది? సెర్బియా వెళ్లి ఏరుకొచ్చాడా?

మామయ్య: పుస్తకంలోంచి తీసుకున్నాడు. స్టాంకోవిచ్ అని సెర్బు సంగీతకారుడు ఒకాయన వియన్నాలో చదువుకుని, తనవాళ్ల పాటలన్నీ సేకరించి, పియానోకి అమర్చి అచ్చేశాడు. పాపం 1865లోనే, చిన్న వయసులో పోయాడు. ఆ పుస్తకమే లేకపోతే ఈ మార్చ్ లేదు. పొగిడితే ఆయన్ని పొగడాలి ముందు.

నాన్న: ఆ మాట బాగుంది. కానీ సెర్బు పాటలు అప్పటికే మాస్కోకి కొత్త కాదు. 1867లో స్లావ్ ప్రతినిధులందరినీ రష్యాకి పిలిచి మర్యాదలు చేశారు. ఆ అతిథుల కోసం పీటర్స్‌బర్గ్‌లో బలాకిరెవ్ పెట్టిన కచేరీకి రిమ్‌స్కీ కోర్సకోవ్ సెర్బు పాటల మీద ఒక ఫాంటసీ రాశాడు. మరుసటేడు మాస్కోలో అది బాగాలేదని ఎవరో పత్రికలో చీల్చి చెండాడితే, బాగుందని ఎదురు రాసిందెవరనుకున్నావ్? ఈ చైకోవ్‌స్కీయే. ఆయన పత్రికల్లో రాసిన మొదటి వ్యాసం అదే. ఆ తర్వాత కొన్నేళ్లు ‘రూస్కియె వెదొమొస్తి’ అనే పేపరుకి సంగీత సమీక్షలు రాశాడు. 1876 ఆగస్టులో బైరాయిత్‌లో వాగ్నర్ నాలుగు రాత్రుల నాటకం మొదటిసారి ఆడితే, ఆ పేపరు తరఫునే వెళ్లి, అక్కడ భోజనం దొరక్క జనం పడ్డ పాట్లు కూడా రాసి పంపాడు. పేపరు మనిషేనయ్యా ఆయన. ఊళ్లో గాలి ఎటు వీస్తోందో తెలియనివాడు కాదు.

మామయ్య: తెలిస్తే మాత్రం? ఆ నెలల్లో ఆయన మనసంతా డాంటే నరకం మీద ఉంది. ‘ఫ్రాంచెస్కా ద రిమిని’ రాస్తున్నాడు. పెనుగాలిలో కొట్టుకుపోయే ప్రేమికుల కథ. ఆ పెద్ద పని తలలో ఉండగానే ఇది రాశాడు. ఐదు రోజులంటే మీకు అర్థం కావడం లేదు బావా. పిక్కలోలు, ఫ్లూట్లు, ఓబోలు, క్లారినెట్లు, బస్సూన్లు, నాలుగు హారన్లు, కార్నెట్లు, ట్రంపెట్లు, మూడు ట్రాంబోన్లు, ట్యూబా, డోళ్లు, తాళాలు, పెద్ద గంటపళ్లెం, అయిదు రకాల తీగలు. ఒక్కో పేజీలో ఇరవై దాకా వరసలు. ఒక బారులో ఎవరు వాయించాలో, ఎవరు ఊరుకోవాలో ప్రతి వరసలో చేత్తో గీసుకోవాలి. ఊరుకోమని చెప్పడానికి కూడా గుర్తు పెట్టాలి. నేను రిపబ్లిక్ డేకి ఒక పాటని బ్యాండుకి అమర్చాలంటేనే వారం పట్టేది.

నాన్న: అందుకే అంటున్నా, పాటలు ముందే సిద్ధం, జాతీయగీతం సిద్ధం, జనం సిద్ధం. ఆయన చెయ్యాల్సింది కుట్టు ఒక్కటే.

మామయ్య: కుట్టు అంటే చులకనా! మధ్యలో కీలు మారుస్తాడు చూడండి, బి ఫ్లాట్ మైనర్ నుంచి డి ఫ్లాట్ మేజర్‌కి. మబ్బు పట్టిన చోట ఒక్కసారి ఎండ కాస్తుంది. అక్కడ వచ్చేది ‘రాదో ఇదె సర్బిన్’, సెర్బు కుర్రాడు ఉత్సాహంగా పల్టన్‌లో చేరతాడనే పాట. మా బ్యాండు ఏర్పాటులో అది మొదట క్లారినెట్లకే వస్తుంది. మా బి ఫ్లాట్ క్లారినెట్‌కి రాసేది ఒక మెట్టు పైన కాబట్టి మొదటి భాగమంతా మాకు సి మైనర్లో ఉంటుంది, వేళ్లకి హాయి. కానీ గోల పెరిగేకొద్దీ వయొలిన్లు దిగే జారుళ్లన్నీ మా మీద పడతాయి. పై శ్రుతి నుంచి కింది శ్రుతికి దిగేటప్పుడు గొట్టం మధ్యలో ఒక చోట వేళ్లన్నీ మూసినవి ఒకేసారి తియ్యాలి. అక్కడ పదిమంది క్లారినెట్లలో ఒకడు తడబడినా ముక్క చెడిపోయినట్టే. కుర్రాళ్ల చేత ఆ నాలుగు బార్లు చేయించీ చేయించీ నా నోరు పోయేది. కుట్టేవాడి పనితనం అక్కడ తెలుస్తుంది.

నాన్న: నీ కుర్రాడు ఉత్సాహంగా చేరే పల్టన్ ఎవరిదో తెలుసా? ఆ పాట పుట్టింది ఆస్ట్రియా చక్రవర్తి సరిహద్దు దళాల్లో కొలువు చేసే సెర్బుల మీద. సెర్బియా కోసం కాదు. ఇంకొక చక్రవర్తి జీతం పాటని తీసుకొచ్చి ఈ చక్రవర్తి ముందు పాడించాడు.

మామయ్య: అది ఆయనకి తెలిసి ఉంటుందా?

నాన్న: తెలిసినా తెలియకపోయినా సరిగ్గా అతికింది. ఇప్పుడు నేను తేదీలు చదువుతాను, మధ్యలో ఆపకు. మార్చ్ పూర్తయింది అక్టోబరు 7న. వాళ్ల పాత కేలండరుకి సెప్టెంబరు 25. సుమారు మూడు వారాలకి, అక్టోబరు 29న, జూనిస్ దగ్గర సెర్బియా సైన్యం చిత్తుగా ఓడింది. బెల్‌గ్రేడ్‌కి దారి తెరుచుకుంది. 31న రష్యా టర్కీకి గడువు పెట్టి హెచ్చరిక పంపింది, టర్కీ యుద్ధవిరమణకి ఒప్పుకుంది. నవంబరు 10న జార్ రెండో అలెగ్జాండర్ మాస్కో క్రెమ్లిన్‌లో ఊరి పెద్దలనందరినీ కూర్చోబెట్టి మాట్లాడాడు. మాంటెనెగ్రోవాళ్లు వీరుల్లా పోరాడారన్నాడు. సెర్బుల గురించి దురదృష్టవశాత్తూ అదే మాట అనలేమన్నాడు. టర్కీ దారికి రాకపోతే రష్యా ఒంటరిగానైనా దిగుతుందన్నాడు. ఆ తర్వాత వారానికి, అదే ఊళ్లో, నవంబరు 17న రూబిన్‌స్టైన్ ఈ మార్చ్ వాయించాడు.

మామయ్య: అయితే?

నాన్న: అయితే ఏమిటి! ఏ యుద్ధం కోసం రాశాడో ఆ యుద్ధం అప్పటికి ఓడి, ఆగి, రెండు వారాలు దాటింది. సెర్బులు పనికిమాలినవాళ్లని జార్ నోటి మీదుగా వచ్చి వారమైంది. అయినా హాల్లో జనం లేచి నిలబడ్డారు, కుర్చీలెక్కారు, అరిచారు, ఏడ్చారు, మళ్లీ వాయించమన్నారు. దేశభక్తి తుఫానులా లేచిందని ఆయనే చెల్లెలికి ఉత్తరం రాశాడు. ఓడిపోయినవాడి కోసం ఎవరైనా కుర్చీ ఎక్కుతారటోయ్? వాళ్లు ఎక్కింది రాబోయే యుద్ధం కోసం. ఆరు నెలలు తిరక్కుండా, 1877 ఏప్రిల్ 24న, రష్యా దిగింది. ఆ యుద్ధంలో ఎంతమంది రష్యన్ రైతు పిల్లలు పోయారు, బల్గేరియాలో ఎంతమంది తురుష్క కుటుంబాలు ఇళ్లు వదిలి నడుచుకుంటూ పోయాయి! వాళ్ల మీద ఎవరూ శవయాత్ర నడకలో మార్చ్ కట్టలేదు.

(ఇక్కడ మామయ్య చాలాసేపు మాట్లాడలేదు. నాన్న తేదీల మీద నాకూ జవాబు దొరకలేదు. ‘వర్తమాన సంఘటనలతో ఉత్తేజితుడై’ అని మనం తేలిగ్గా రాసేస్తాం. సంఘటన ముగిసిపోయాక కూడా పని చేసే సంగీతం, ఉత్తేజం ఆ సంఘటనదే అని నమ్మనివ్వదు.)

మామయ్య: ఆయన అక్టోబరు 7న కలం పెట్టేశాడు బావా. జూనిస్ ఆయనకేం తెలుసు?

నాన్న: అక్కడే నువ్వు దొరికావు. అక్టోబరు 7 నాటికి రష్యా ప్రభుత్వం యుద్ధంలో లేదు. వెళ్లినవాళ్లు వాలంటీర్లు. జార్ ఇంకా అటూ ఇటూ చూస్తున్నాడు. కానీ ఈయన మార్చ్‌లో జార్ అప్పటికే వచ్చేశాడు. ‘దేవుడు జార్‌ని కాపాడుగాక’ అనే గీతం ట్రాంబోన్ల మీద ఊరేగుతూ వచ్చేస్తుంది. మొదట పెట్టిన పేరు కూడా ‘సెర్బో రష్యన్ మార్చ్’. పేరులో రెండు దేశాలు, వాటిలో యుద్ధంలో ఉన్నది ఒక్కటే! అంటే ఆయన వార్తని అనుసరించలేదు, వార్త కంటే ముందు నడిచాడు. ఊళ్లో అందరూ ఏం కోరుకుంటున్నారో అది స్వరాల్లో ముందే జరిపించాడు.

మామయ్య: ఒప్పుకుంటాను. కానీ జార్ ఎన్నిసార్లు వస్తాడో లెక్కపెట్టారా?

నాన్న: ఒకసారి చాలదా?

మామయ్య: రెండుసార్లు వస్తాడు. అదే మీరు వినలేదు. మధ్య భాగంలో పల్లెటూరి ఆటపాటలాంటి వరస ఒక వాద్యం నుంచి ఇంకో వాద్యానికి పాకుతూ పాకుతూ పెద్దదై, ఆఖరికి ఆ గీతం మొదటిసారి వస్తుంది. మీరు చెప్పినట్టు ప్రచారమే అయితే అక్కడ ముగిసిపోవాలి. రాజుగారు వచ్చారు, కష్టాలు తీరాయి, తాళం కొట్టి దిగిపోవాలి. కానీ ఏమవుతుంది? ఆ గీతం వెళ్లిపోగానే మొదటి ఏడుపు తిరిగొస్తుంది. మొదట బస్సూన్లు గొణిగినదాన్ని ఈసారి ఆర్కెస్ట్రా అంతా కలిసి గుండెలు బాదుకున్నట్టు వాయిస్తుంది. జార్ ఒకసారి వచ్చి వెళ్లినా ఏడుపు ఆగలేదు, పెరిగింది. ఇది రాసినవాడికి ఏమీ తెలియదంటారా?

నాన్న: తర్వాత రెండోసారి వస్తాడుగా.

మామయ్య: వస్తాడు. మేజర్ స్కేల్లో, పరుగు నడకలో, రష్యన్ల అడుగుల చప్పుడుతో వస్తాడు. కాదనను. కానీ ఆ మధ్యలో తిరిగొచ్చిన ఏడుపుని మీ తేదీలు ఎలా వివరిస్తాయి?

నాన్న: నాటకం అంటే అంతేనోయ్. రెండో ప్రవేశం గట్టిగా పేలాలంటే మధ్యలో విలన్‌ని ఒకసారి గెలిపించాలి. మన సినిమాల్లో ఇంటర్వెల్ తర్వాత హీరో తన్నులు తినడా?

మామయ్య: అలా అంటే ఇక చెప్పేదేముంది! ఏ మంచి ముక్కనైనా అలా కొట్టెయ్యొచ్చు.

(ఈ ఒక్క చోట నేను మామయ్య వైపు. తిరిగొచ్చిన ఆ శోకం విన్నప్పుడల్లా ఆఖరి విజయం నాకు కాస్త అరువు సొమ్ములా అనిపిస్తుంది. నాన్నకి ఆ మాట చెబితే, నీకు అనిపించడం సాక్ష్యం కాదన్నారు.)

నాన్న: ఆయన నమ్మకం ఎంతో నేను చెబుతా విను. ఆ గీతం మీద ఆయనకి అలవాటుంది. 1833లో ల్వోవ్ బాణీ కట్టిన గీతమది. దాన్నే 1880లో ‘1812’ ఓవర్చర్‌లో వాడాడు. నెపోలియన్ మాస్కో వచ్చిన 1812లో ఆ గీతం పుట్టనే లేదు! అయినా ఫిరంగులతో సహా మోగించాడు. ఆ ఓవర్చర్ గురించి ఫాన్ మెక్ అనే పోషకురాలికి ఏం రాశాడు? చాలా గోలగా ఉంటుందని, ప్రేమతో రాయలేదని, కళ అన్న విలువ ఉండదని.

మామయ్య: అది ‘1812’ గురించి. దీని గురించి అలా అనలేదు. పైగా దీన్ని తనే వాయించడానికి దిగాడు. 1877 మొదట్లో బల్షోయ్‌లో ఆర్కెస్ట్రా ముందు నిలబడి తన చేత్తో నడిపించాడు. అదేమన్నా చిన్న సంగతా? అంతకు ముందోసారి ఆ బల్ల ఎక్కితే తలకాయ భుజాల మీంచి ఊడిపోతుందేమోనని గడ్డం పట్టుకుని నిలబడ్డ మనిషి! అంత భయం ఉన్నవాడు, ఇష్టం లేని ముక్క కోసం మళ్లీ ఎక్కుతాడా?

నాన్న: చప్పట్లు గ్యారంటీ అని తెలిసిన ముక్కతో భయం పోగొట్టుకున్నాడు. మరి 1878 సంగతి? యుద్ధనౌకల నిధి కోసం ‘వాలంటీర్ ఫ్లీట్’ అని పియానోకి ఇంకో మార్చ్ రాశాడు. దాని మీద చైకోవ్‌స్కీ అని ఎందుకు లేదు? ‘పి. సినోపోవ్’ అని ఉంది. సినోప్ అంటే 1853లో రష్యన్ నౌకలు టర్కీ నౌకల్ని తగలబెట్టిన రేవు. దేశభక్తి పేరులో కూడా ఉంది, మనిషి మాత్రం లేడు.

మామయ్య: మంచిది కాదనుకున్నదానికి పేరు పెట్టలేదు, మంచిదనుకున్నదానికి పెట్టాడు. అది నా పక్షానే పోయింది, చూసుకోండి.

నాన్న: నీ మంచి ముక్కని వినిపించి ఒక నెల తిరిగేసరికి, 1876 డిసెంబరులో, అదే రూబిన్‌స్టైన్ కన్సర్వేటరీలో ఒక సాయంత్రం ప్రత్యేకంగా సంగీతం ఏర్పాటు చేశాడు. ఎవరి కోసం? టాల్‌స్టాయ్ కోసం. చైకోవ్‌స్కీ మొదటి స్ట్రింగ్ క్వార్టెట్ వాయించారు. నాలుగే వాద్యాలు. రెండో భాగం వస్తుంటే పక్కన కూర్చున్న టాల్‌స్టాయ్ కన్నీళ్లు పెట్టుకున్నాడు. తన జీవితంలో అంత గర్వపడ్డ క్షణం లేదన్నట్టు ఈయన తర్వాత డైరీలో రాసుకున్నాడు. ఆ టాల్‌స్టాయే మరుసటేడు ‘అన్నా కరెనినా’ చివరి భాగంలో ఈ వాలంటీర్ల రైలుని, ఆ చందాల హడావిడిని, ఆ వీడ్కోళ్లని ఎండగట్టాడు. పత్రిక నడిపే కాట్కోవ్ ఆ భాగం వెయ్యనన్నాడు. టాల్‌స్టాయ్ విడిగా అచ్చు వేయించుకున్నాడు. అదీ వార్తల మధ్యే పుట్టిన రాతే. కానీ జనం ఎటు పరిగెత్తుతుంటే అటు కాకుండా, ఎదురు నిలబడి రాసింది.

మామయ్య: బావా, ఆ రెండో భాగం పాట ఎక్కడిదో అడగరే? అదీ అరువే. కామెంకాలో చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు అక్కడ పనిచేసే మేస్త్రీ పాడుకుంటుంటే విని రాసుకున్నాడు. అరువు తప్పు కాదని తేలింది. కచేరీ పెట్టించింది రూబిన్‌స్టైనే, కాబట్టి ఆర్డరూ తప్పు కాదు. ఇంకేం మిగిలింది మీ అభ్యంతరం?

నాన్న: జార్ గీతం మిగిలింది.

మామయ్య: సోవియట్లు దాన్ని పీకేసి వాయించారుగా! ఆ చోట గ్లింకా ఒపెరాలోంచి ఒక బృందగానం పెట్టారు.

నాన్న: ఆ ఒపెరా అసలు పేరు తెలుసా? ‘జార్ కోసం ప్రాణం’. పేరు మార్చి ‘ఇవాన్ సుసానిన్’ అన్నారు. జార్‌ని తీసి జార్‌నే పెట్టారు.

మామయ్య: మరి ఇసడోరా డంకన్? 1921 నవంబరులో బల్షోయ్‌లో, లెనిన్ చూస్తుండగా, ఇదే మార్చ్‌కి నాట్యం చేసింది. చేతులు వెనక్కి కట్టేసిన వెట్టివాడిలా వంగిపోయి మొదలుపెట్టి, ఆఖరున విడిపించుకునేది. జార్ సంగీతంతో జార్‌నే దింపేసింది. సంగీతం పుట్టిన చోటే ఉండిపోదు బావా.

నాన్న: ఎవరి చేతికి దొరికితే వాళ్లకి పనిచేస్తుందని నువ్వే ఒప్పుకుంటున్నావు. నేను మొదటి నుంచీ చెప్పేది అదే కదా.

మామయ్య: అడిగినదానికి చెప్పండి. జార్ గీతం లేని ఆ సోవియట్ రికార్డు మీకు వినిపించాను. అది నచ్చిందా?

నాన్న: నచ్చలేదు.

మామయ్య: చూశారా! అయితే మీ తగాదా జార్‌తో కాదు. ఆఖరి రెండు నిమిషాల ట్రాంబోన్లతో.

నాన్న: ట్రాంబోన్లతోనే. గెలుపు తప్ప ఇంకేమీ తెలియనట్టు వాయిస్తాయి. అవి వచ్చేముందు ఆపి వాయించగలవా నీ బ్యాండుతో? ఏడుపు తిరిగొచ్చిన చోట, అక్కడే ఆపి?

మామయ్య: ఆపితే జనం ఒప్పుకోరు. ముక్క మధ్యలో కరెంటు పోయిందనుకుంటారు.

నాన్న: నేను జనం గురించి అడగలేదు. నువ్వు ఆపగలవా?

మామయ్య: క్లారినెట్లు ఆపుతారు. బేస్ డ్రమ్మువాణ్ని ఆపడం మాత్రం నా వల్ల కాదు బావా.